చుక్కల పటానికి ముక్కాలి

మా మేనకోడలు కెమెరా అమ్మేస్తానని కూర్చుంది. తనకు చెయ్యి కుదరదని తీర్మానించుకుందట.

సంగతేమిటంటే, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఒక పాత కెమెరా, పద్దెనిమిది వందలు పోసి ఒక కొత్త స్టాండూ కొన్నది. శ్రీహరికోటలో రాత్రివేళ రాకెట్టు లేచిన రోజున మైపాడు ఇసుకలో ఆ స్టాండు నిలబెట్టి పటం తీసింది. రాకెట్టు గీత పాములా మెలికలు తిరిగింది. దూరాన పడవ దీపం రెండయింది. చుక్కలకు తోకలు మొలిచాయి. మళ్ళీ ఒకసారి ఎగరేయండని ఎవరిని అడగగలం?

"ఏదీ, ఆ స్టాండిలా తే" అన్నాను. కాళ్ళు పూర్తిగా లాగి, బిగించి, తలమీద అరచెయ్యి ఆనించి కాస్త మెలిపెట్టాను. గాలికి అరటిచెట్టులా ఊగింది. తప్పు పిల్లది కాదు! ఈ పరీక్ష కొట్లోనే చేసివుంటే ఆ పద్దెనిమిది వందలూ మిగిలేవి.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడా కుదురుగా ఉంటుందని మన అమ్మమ్మలకు తెలుసు. కాని ఒక్కొక్క కాలూ అయిదు ముక్కలై, చివరి ముక్క పెన్సిలంత సన్నమైతే ఏం లాభం? పగటి పటానికి రెప్పపాటు చాలు. చుక్కల పటానికి కెమెరా పదిహేను, ఇరవై సెకన్లు కన్ను తెరుచుకుని ఉండాలి. అంతకు మించితే భూమి తిరుగుడే చుక్కను గీతగా సాగదీస్తుంది. గంటకు 15 డిగ్రీలు మరి. భూమిని ఎలాగూ ఆపలేము, స్టాండునైనా ఆపుకోవాలి కదా.

అందుచేత ఎత్తు చూసి మురిసిపోకండి. మూడేసి ముక్కల కాళ్ళు, లావుపాటి గొట్టాలు ఉండాలి. అల్యూమినియం చాలు; కార్బన్ ఫైబరు తేలికే గాని ఖరీదు. కెమెరా బరువుకు రెండు మూడింతలు మోసేది చూడండి. నడిమి కాడను పైకి లాగారా, ముక్కాలి కాస్తా ఒంటికాలవుతుంది!

మేము కొత్తది కొననే లేదు. ట్రంకురోడ్డు పక్క సందులో పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే ఒకాయన దగ్గర మూలపడి ఉన్న పాత వీడియో స్టాండు రెండువేలకు వచ్చింది. రోకలంత బరువు. పావు అంగుళం మరే గనుక కెమెరా ఇట్టే కూర్చుంది.

ఫిబ్రవరి అమావాస్యకు మళ్ళీ మైపాడు వెళ్ళాం. కాళ్ళను తడి ఇసుకలో బాగా దిగేదాకా నొక్కాం. కింది ముక్కను జానెడు లాగాం. లేకపోతే బిగింపుల్లోకి ఇసుక పోతుంది. సంచీ నడుమ వేలాడదీసి, అది ఊగకుండా నేలకు ఆనించాం. రెండు సెకన్ల టైమరు పెట్టి అమ్మాయి చెయ్యి తీసేసింది. రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన అగస్త్య నక్షత్రం. పటంలో అది చుక్కగానే పడింది, ఆవగింజలా.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ధ్రువుడెక్కడ మామయ్యా?" అంది. నెల్లూరుకు ధ్రువుడు ఉత్తరాన 14 డిగ్రీల ఎత్తే, చాచిన చేతికి పిడికిలిన్నర. చూపించాను. చుట్టూ చుక్కలు తిరిగే పటం కావాలంటే గంటసేపు స్టాండు కదలకూడదు. కూర్చున్నాం.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఉప్పు పట్టకుండా ఆ వేళప్పుడే స్టాండు కాళ్ళు మంచినీళ్ళతో కడుగుతుంటే మా అక్క లేచివచ్చి, పెరడంతా ఇసుక చేశామని ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది.