టికెట్‌లో ఏడుంపావు... గాల్లో అయిదు కూడా కాదు!

ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో కువైట్‌ మాట పక్కూరి మాటంత మామూలు. కొడుకో, అల్లుడో, మేనత్తో అక్కడ పనిచేస్తున్న ఇళ్లు చాలానే. అలాంటి ఇంటికి విమానం టికెట్‌ వచ్చిన రోజున ఓ అనుమానం కూడా వస్తుంది.

చెన్నైలో ఉదయం 6కి బయల్దేరి, 8.30కి కువైట్‌లో దిగుతున్నట్టు టికెట్‌ మీద ఉందనుకోండి. అంటే రెండున్నర గంటలే! వచ్చే టికెట్‌ చూస్తే రాత్రి 11కి ఎక్కినవాళ్లు చెన్నైలో దిగేది మర్నాడు 6.15కి. ఏడుంపావు గంటలు! 'వచ్చేటప్పుడు చుట్టూ తిప్పి తెస్తారా ఏం?' అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు.

తిప్పడమేం లేదు. టికెట్‌ మీద ఏ ఊరి దగ్గర ఆ ఊరి టైమే వేస్తారు. కువైట్‌ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. పోయేటప్పుడు ఆ రెండున్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అప్పుడు అయిదు గంటలు, నాలుగుముప్పావు గంటలు తేలతాయి. సూటిగా కొలిస్తే దూరం దాదాపు 3,780 కిలోమీటర్లు మరి!

ఆ పావుగంట తేడా ఎందుకంటే... గాలి వల్ల. భూమి తిరగడం వల్ల అనుకుంటారు చాలామంది. భూమితోపాటు గాలీ తిరుగుతుంది కాబట్టి ఆ లెక్క కుదరదు. చలికాలంలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. ఇంటికొచ్చే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది. వానాకాలంలో దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. అక్కడ పై ఎత్తుల్లో తూర్పు నుంచి పడమటికి వేగంగా గాలి వీస్తుంది. దీనిమీద 1958లో పరిశోధన పత్రం ప్రచురించిన పి.కోటేశ్వరం తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్‌ జనరల్‌ అయ్యారు.

గాలి సంగతి అలా ఉంచితే, రోడ్డు మీదే అసలు ఆలస్యం. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి చెన్నై మరో 175. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండులో దిగి, బస్సు మారి చెన్నై చేరేసరికి ఆరు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. సముద్రం దాటడానికి అంత పట్టదు! పైగా మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఇంతకన్నా పెద్ద చిక్కు అర్ధరాత్రి విమానాలతో. '14వ తేదీ 00.40' అని ఉంటే 13వ తేదీ రాత్రి భోజనాల వేళకే ఎయిర్‌పోర్టులో ఉండాలన్నమాట. 14 సాయంత్రం తీరిగ్గా పెట్టె కట్టుకుని బయల్దేరితే ఆ విమానం అప్పటికే కువైట్‌లో దిగి ఉంటుంది. టికెట్‌ డబ్బులు పోవడం ఒక బాధ. సెలవు ఆఖర్లో ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి అకామా గడువు భయం ఇంకోటి. టికెట్‌ తీసేటప్పుడే ఏ రాత్రి ఇల్లు కదలాలో క్యాలెండర్‌ మీద గుండ్రంగా గీసి పెట్టుకుంటే నయం.

పంపించి వచ్చిన అమ్మ మాత్రం పొద్దున ఎనిమిదిన్నర నుంచే ఫోన్‌ పక్కన కూర్చుంటుంది. తొమ్మిదవుతుంది, పదవుతుంది... కంగారు మొదలవుతుంది. మన గోడ గడియారంలో పదకొండు కొడితేగానీ అక్కడ విమానం నేల మీద వాలదు. ఆ తర్వాత పాస్‌పోర్టు లైను, సామాన్లు. ఫోన్‌ మోగేసరికి మధ్యాహ్నం అన్నానికి వేళవుతుంది.