దిష్టి మోసిన చేపలు

అమెరికాలో డల్లస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా చెల్లెలి ఇల్లు. హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉంది. మన హోటళ్ళలో క్యాష్ కౌంటర్ పక్కన కనబడే గోల్డ్‌ఫిష్ తొట్టె లాంటిది కాదు. ఉప్పునీళ్ళు, పగడాలు, నీలి దీపాలు, కింద బీరువాలో రాత్రింబవళ్ళు గుర్రుమనే పంపు. పోయిన చలికాలం నేను వెళ్ళేసరికి అందులో చేపలు మాయమవుతున్నాయి. పది రోజుల్లో మూడు. చచ్చి తేలితే అదొక తీరు, శవం కూడా దొరకడం లేదు. రాత్రి దీపాలు ఆర్పేటప్పుడు ఉన్న చేప తెల్లారేసరికి లేదు.

చెల్లెలి అత్తగారు ఆర్నెల్ల కోసం అక్కడికి వచ్చి ఉన్నారు. మొదటి చేప పోయినప్పుడు ఆవిడ బాధపడలేదు సరికదా, తేలికపడ్డారు. "ఇంటికి రావలసిన గండం దాని మీదుగా పోయిందమ్మా" అన్నారట. రెండోదానికీ అదే మాట. మూడోది పోయాక మాత్రం, ఇన్ని గండాలు ఈ ఇంటి మీదికే ఎందుకొస్తున్నాయని అనుమానం వచ్చి, హైదరాబాదులో ఉన్న సిద్ధాంతిగారికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేయించారు. చెల్లెలు ఫోను పట్టుకుని హాలంతా తిప్పి చూపించింది. తొట్టె ఆగ్నేయంలో ఉందనీ, అగ్ని మూలలో నీళ్ళు పెట్టడమే దోషమనీ, ఈశాన్యానికి జరపమనీ ఆయన తేల్చారు. చేపలు తొమ్మిది ఉండాలట, ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. దిష్టిని లాగేసుకునేది ఆ నల్లదే. ఎనిమిదీ ఒకటీ లెక్క చైనావాళ్ళ ఫెంగ్ షూయిది. మన వాస్తు దాన్ని ఎప్పుడు దత్తత తీసుకుందో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

జరపడానికి అది పూలకుండీ కాదు. నీళ్ళే నాలుగు వందల లీటర్ల పైన, అంటే నాలుగు వందల కిలోల పైన. రాళ్ళు, ఇసుక అదనం.

సిద్ధాంతిగారి మాట అబద్ధమని వాదించడం నాకంత ముఖ్యంగా తోచలేదు. దాని అమరిక చూడండి. చేపలు బతికితే ఇంటికి కలిసొస్తోందన్నమాట. చస్తే ఇంటి కీడు తీసుకుపోయాయన్నమాట. బొమ్మ పడ్డా బొరుసు పడ్డా ఆయనే గెలిచే పందెం ఇది. ఇలాంటి నమ్మకం ఇంట్లో ఉంటే తొట్టె వెనక్కి టార్చి వేసి చూడాల్సిన పని ఎవరికీ కనబడదు. గండం పోయిందని సంతోషించినవాళ్ళు నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో ఎందుకు చూస్తారు?

చూస్తే ఏం దొరుకుతుందో చెప్పడానికి పాత కేసులున్నాయి. ఇంగ్లండులోని బ్రైటన్ అక్వేరియం 1872లో తెరిచారు. కొద్దికాలానికే అక్కడొక తొట్టెలో లంప్‌ఫిష్ పిల్లలు ఒకటొకటిగా తగ్గిపోసాగాయి. ఒక పొద్దున వెళ్ళి చూస్తే పక్క తొట్టెలో ఉండాల్సిన ఆక్టోపస్ వీటి మధ్య కూర్చునుంది. రాత్రిపూట గోడ దాటి వచ్చి, తిని, తెల్లారేలోగా సొంతింటికి వెళ్ళిపోయేది. ఆ రోజు ఆలస్యమై పట్టుబడింది. ఈ సంగతి రాసిపెట్టిన హెన్రీ లీ అక్కడి ప్రకృతి శాస్త్రవేత్త. నావికులు సైతాను చేప అని వణికిపోయిన ఆక్టోపస్ గురించి కల్పన ఏదో నిజం ఏదో విడదీస్తూ 1875లో పుస్తకమే వేశాడు. ఆక్టోపస్‌ను దయ్యమన్నవాళ్ళకు అది గోడ దాటుతుందన్న సంగతి తెలియదు.

రెండోది ఈ మధ్యది. 2009లో కార్న్‌వాల్‌లోని న్యూకీ పట్టణపు బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు ముక్కలై కనిపించాయి, చేపకు గాయమైంది. ఎరలు పెడితే మాయమయ్యాయి. చివరికి తొట్టెలోని రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీస్తే నాలుగడుగుల పురుగు బయటపడింది. దాన్ని బాబిట్ పురుగు అంటారు. ఇసుకలో ఒళ్ళంతా దాచుకుని, తల మీద ఐదు మీసాలు మాత్రం బయట పెట్టి కూర్చుంటుంది. పైనుంచి వెళ్ళే చేప వాటికి తగలగానే కత్తెర లాంటి దవడలతో పట్టి లోపలికి లాగేస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఏదో రాయి సందులో చేరి వచ్చి ఉంటుంది. వీటిలో మూడు మీటర్ల దాకా పెరిగినవీ ఉన్నాయి.

రాయి అంటే మామూలు రాయి కాదు, లైవ్ రాక్. సముద్రంలో ఉండి ఒళ్ళంతా జీవం పట్టిన సున్నపురాయి. ఫ్లోరిడా దగ్గర సముద్రంలో సహజమైన రాళ్ళను పెకలించడం 1990ల్లోనే ఆపేశారు. ఇప్పుడు కొందరు అక్కడి సముద్రపు అడుగును లీజుకు తీసుకుని, రాళ్ళు పోసి, కొన్నేళ్ళ తర్వాత పంటలా తీస్తారు. చెల్లెలి భర్త, మా బావగారు తెప్పించింది అలాంటిదే. ఆ రాయితో పాటు టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్ళు చాలామందే ఉంటారు.

మూఢనమ్మకాలు అత్తగారి దగ్గరే ఉన్నాయనుకుంటే పొరపాటు. ఇంజినీరైన మా బావగారి దగ్గరా ఒకటుంది. తొట్టెలో చేప చస్తే పొద్దున్నే దాని మీద తెల్లటి ముళ్ళున్న జెర్రి లాంటి పురుగులు మూగి ఉంటాయి. బ్రిసిల్ వార్మ్ అంటారు. చేపలు పెంచేవాళ్ళలో చాలామంది వాటిని హంతకులని పట్టకారుతో ఏరి పారేస్తారు. నిజానికి అవి పాకీపనివాళ్ళు. చచ్చినదాన్నీ, చావబోతున్నదాన్నీ తిని నీళ్ళు పాడవకుండా చూస్తాయి. గోడ కింద చచ్చిన బల్లికి చీమలు పడితే బల్లిని చీమలు చంపాయని అంటామా? శవం దగ్గర కనబడ్డవాణ్ణి హంతకుణ్ణి చేయడం మనకు కొత్త కాదు. పిల్లాడికి జ్వరం తగిలిన రోజు ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళిందన్న ఒక్క కారణంతో ముసలావిడ మీద చేతబడి ముద్ర వేసి పళ్ళు పీకిన పల్లెలు మనవే. అక్కడా సాక్ష్యం ఇంతే.

ఒక రాత్రి బావగారూ నేనూ కాపలా కాశాం. పదింటికి దీపాలు ఆర్పి, టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు చుట్టి, పన్నెండున్నరకు తొట్టె ముందు కింద కూర్చున్నాం. ఎర్ర వెలుతురు రొయ్యలకూ పీతలకూ సరిగా ఆనదు, అందుకని అవి పారిపోవు. పగలు చూసిన తొట్టె కాదది. పగడాలు ముడుచుకున్న వేళ్ళన్నీ చాపి ఊపుతున్నాయి. రాయి సందులోంచి పాములాంటి చేయి ఒకటి బయటికొచ్చింది, బ్రిటిల్ స్టార్ అనే నక్షత్రపు జీవిది. బ్రిసిల్ వార్మ్‌లు ఇసుక మీద తిరుగుతున్నాయి. నిద్రపోతున్న చేపల జోలికి ఒక్కటీ పోలేదు. ఇంతలో లోపలెక్కడో 'టప్' మని చప్పుడు, గాజు మీద గోలీ తగిలినట్టు.

బావగారు నా చేయి పట్టుకున్నారు. "మాంటిస్ రొయ్య!"

అది సుత్తి లాంటి ముంగాలితో కొడితే గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం. సెకనుకు 23 మీటర్ల దాకా కొలిచారు. నత్త గుల్లలు పగులుతాయి. అయితే వేలి పొడవు కూడా లేని పిస్టల్ రొయ్య కూడా ఇలాగే టప్ మంటుంది. అది నీటి బుడగ పేల్చే చప్పుడు, మన తొట్టెలో పెద్దగా హాని చేయదు. తేడా ఎలా తెలుస్తుంది? పొద్దున ఖాళీ నత్త గుల్లలు ఏరి చూశాం. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కదానికీ చిల్లు లేదు. మాంటిస్ మీద కేసు నిలవలేదు.

రెండో రాత్రి ఇంకొకడు కనబడ్డాడు. ఒళ్ళంతా బొచ్చు, డెక్కల కొసలు నల్లగా, రూపాయి బిళ్ళంత పీత. నత్తను గుల్లలోంచి లాగుతున్నాడు. దొంగను పట్టడానికి రాయికి ఆనించి ఒక గాజు గ్లాసు ఏటవాలుగా పెట్టి, అడుగున రొయ్య ముక్క వేశాం. గాజు నున్నగా ఉంటుంది కాబట్టి లోపలికి జారిన పీత మళ్ళీ ఎక్కలేదు. మూడో పొద్దున గ్లాసులో ఉన్నాడు.

"అన్నీ వీడే తిన్నాడు" అన్నారు బావగారు.

"మూడూ వీడే తిన్నాడని ఎలా చెప్తారు బావగారూ? అత్తయ్యగారు దిష్టి అన్నారు, మీరు పీత అంటున్నారు, అంతే తేడా!"

ఆయనకు కోపమొచ్చింది. అయినా బీరువా జరిపి వెనక చీపురు పెట్టారు. మొదటి చేప అక్కడ దొరికింది, రాస్ జాతిది, ఎండి కర్రలా అయిపోయింది. పైన వల లేకపోవడంతో రాత్రి భయపడి దూకేసింది. రెండోది క్రోమిస్, గుంపులో బలహీనమైనదాన్ని మిగతావి తరిమి తరిమి చంపడం వాటిలో మామూలే. మిగిలిన నాలుగింటిలోనూ ఒకదాని తోక చిరిగి ఉంది. మూడోదాని సంగతి తేలలేదు.

పీతను విడిగా ఒక డబ్బాలో వేశారు. ఆ రోజే తొట్టెకు వల మూత బిగించారు. ఆ సాయంత్రమే అత్తగారు గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. ఆ తర్వాత నెల దాకా ఒక్క చేప కూడా పోలేదు. పీత పోయినందుకని బావగారు, నిమ్మకాయల వల్లని అత్తగారు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. వల మూత గురించి ఎవరూ మాట్లాడలేదు, దానికి ఎనిమిది డాలర్లే అయింది.

నేను తిరుగు ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకుంటుంటే అత్తగారు అల్లం మురబ్బా పొట్లం తెచ్చిచ్చి అడిగారు.

"మరి ఆ మూడోది ఏమైంది బాబూ?"

"తెలీదండీ."

"తెలీదంటే ఎలా, ఇంత చదువుకుని?"