ఎనిమిదేళ్ళవాడికి సెలెక్షనా?

మనకి బోర్డు చూస్తే చాలు, కళ్ళు జిగేల్మంటాయి. పట్టుచీర కొనేటప్పుడు కొంగు తిరగేసి, అంచు నలిపి, జరీ గీకి మరీ చూస్తాం. పిల్లవాణ్ణి ఫుట్‌బాల్ అకాడమీలో చేర్చేటప్పుడు మాత్రం గేటు మీద విదేశీ క్లబ్బు పేరు కనబడగానే డబ్బు తీసి చేతిలో పెట్టేస్తాం. ఆ పేరుకీ, లోపల పిల్లవాడికి నేర్పేదానికీ సంబంధం ఎంత అని అడగం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం! కూరగాయల బండి దగ్గర లేని మొహమాటం ఇక్కడ ఎందుకండీ?

మా మనవడికి ఎనిమిదేళ్ళు. బంతి వాడి కాలికి అతుక్కుపోయినట్టే ఉంటుంది. "వాడిలో టాలెంటుంది, మంచి అకాడమీ చూడండి పిన్నిగారూ" అని అపార్టుమెంటులో అందరూ ఒకటే పోరు. సరేనని మా కోడలూ నేనూ హైదరాబాదులో నాలుగైదు చోట్లకి వెళ్ళి చూసి వచ్చాం. అక్కడ చూసింది చూసినట్టు చెబుతాను, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ఒకచోట పిల్లల్ని మొదటి రోజే రెండు గుంపులు చేసేశారు. కాస్త పొడుగ్గా, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు 'ఎలీట్' బ్యాచి. తక్కినవాళ్ళు మామూలు బ్యాచి. ఎలీట్‌కి ఫీజు ఎక్కువ. ఆ ఎక్కువ కట్టే భాగ్యం దక్కిన తల్లుల మొహాలు చూడాలి, ఐ.ఐ.టి. సీటొచ్చినట్టే!

నేనంటాను, ఎనిమిదేళ్ళకి జరిగేది టాలెంటు ఎంపిక కాదు, నెలల లెక్క. ఫుట్‌బాల్లో వయసు గ్రూపుల్ని ఎక్కువగా జనవరి 1 నుంచి లెక్కేస్తారు. జనవరిలో పుట్టినవాడూ, డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపులో పడతారు. మధ్య తేడా పదకొండు నెలలు. ఎనిమిదేళ్ళవాడికి అది బతికిన బతుకులో ఇంచుమించు తొమ్మిదో వంతు. పెద్దవాడు గట్టిగా తంతాడు, ముందుగా పరిగెత్తి బంతి అందుకుంటాడు. చూసేవాళ్ళకి వాడే గొప్పగా కనిపిస్తాడు. ఎన్నో దేశాల్లో లెక్కలు తీసి చూశారు, అకాడమీలు ఏరుకునే పిల్లల్లో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువ. ఈ లెక్కన మన టాలెంటు పురిటి తేదీలో ఉందన్నమాట!

ఈ ఏరివేతలో ఎవరెవరు పోయారో చూడండి. ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు హ్యారీ కేన్ అనే పిల్లవాణ్ణి ఎనిమిదితొమ్మిదేళ్ళ వయసులో పనికిరాడని పంపేసింది. ఇంగ్లండు జట్టు తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన రికార్డు 2023లో ఆ పిల్లవాడిదే అయింది. ఫ్రాన్సులో గ్రీజ్‌మన్‌ని పొట్టివాడని క్లబ్బులు వద్దంటే స్పెయిన్‌లో ఒక క్లబ్బు చేరదీసింది. 2018లో ప్రపంచ కప్పు గెలిచిన ఫ్రాన్సు జట్టులో అతను ఉన్నాడు. అంత అనుభవమున్న క్లబ్బులకే తప్పిన గురి, మన వీధి చివరి అకాడమీకి ఒక్క సాయంత్రంలో కుదురుతుందా?

"పోటీ అలవాటు చెయ్యకపోతే ఎలా పైకొస్తాడండీ?" అంటారు మీరు. పోటీ వద్దని నేననను. ఆడేవాడికే పోటీ. బెంచీ మీద కూచుని నీళ్ళ సీసా పట్టుకున్నవాడికి పోటీ ఏమిటి? కప్పు గెలవాలని ప్రతి మ్యాచికీ ఆ పదిమంది పెద్దపిల్లల్నే దింపే కోచి, కప్పుతో ఫోటో తన బోర్డుకి తీసుకుంటాడు. మన పిల్లవాడికి దక్కేది బెంచీ.

మరి ఏం చూడాలంటారా? గేటు బయటి బోర్డు వదిలేసి లోపలికి వెళ్ళి ఒక గంట కూచోండి. గంటలో ఒక్కో పిల్లవాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. ఇరవైమంది వరసలో నిలబడి ఒక్క బంతి కోసం ఎదురుచూస్తుంటే అది ఫుట్‌బాల్ కాదు, రేషను క్యూ. బంతి సైజు చూడండి. పెద్దవాళ్ళ అయిదో నెంబరు బంతి 410 నుంచి 450 గ్రాముల బరువు ఉంటుంది. చిన్నవాళ్ళకి మూడో నెంబరూ, కాస్త ఎదిగాక నాలుగోదీ ఉన్నాయి. తలతో బంతి కొట్టిస్తున్నారా అని చూడండి. ఇంగ్లండులో 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకి శిక్షణలో అది మాన్పించారు. కోచికి లైసెన్సు ఉందా అని అడగండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సులకి మెట్లున్నాయి, అకాడమీలకి కూడా నక్షత్రాలిచ్చి గుర్తింపు ఇస్తున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఓడిపోయిన మ్యాచి తర్వాత కోచి పిల్లలతో ఏం మాట్లాడతాడో దగ్గరుండి వినండి. అక్కడ తెలిసినంత ఇంకెక్కడా తెలియదు.

మన ఊరికి ఫుట్‌బాల్ విదేశీ బోర్డులతో రాలేదండీ. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానానికి తీసుకెళ్ళి, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిపించిన కోచి సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడే, బడి పంతులు. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు. వాళ్ళకి కృత్రిమ గడ్డి మైదానాలున్నాయా, ఎలీట్ బ్యాచీలున్నాయా? ఆడుకునే జాగా ఉంది, పిల్లల్ని ఎరిగిన గురువు ఉన్నాడు.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. తమ్ముణ్ణి దింపడానికి వచ్చి, గట్టు మీద కూచుని హోంవర్కు రాసుకుంటున్న అక్కల్ని చూశాను. మధ్యలో బంతి బయటికి వస్తే తన్ని లోపలికి పంపిస్తారు, అదీ గురి తప్పకుండా! నిజామాబాదు అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్బులో చేరింది. భారత జట్టుకి కూడా ఆడింది. అకాడమీ వెతికేటప్పుడు ఒక్క ఫారం కాదు, రెండు అడగండి.

అంత డబ్బు పోసేది మనం, అడిగే హక్కూ మనదే. "మావాణ్ణి సెలెక్ట్ చేశారా?" అని అడగడం మానేసి, "మావాణ్ణి ప్రతి మ్యాచిలో ఆడిస్తారా?" అని అడగండి. ఆ మాటకి నీళ్ళు నమిలే అకాడమీ ఎంత పెద్దదైనా సరే, పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చెయ్యండి.