సంతకం ఎవరిది? హుకుం ఎవరిది?

మన జిల్లా పేరే ఒక నవాబు పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద పాలమూరు కాస్తా మహబూబ్‌నగర్ అయ్యింది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ రాజ్యం 1948 సెప్టెంబర్ పోలీసు చర్యతో పోయిందని చదువుకున్నం. రాజ్యం పోయింది గని రాజు పోలేదు. 1950 జనవరి 26న, అంబేద్కర్ రాసిన రాజ్యాంగం అమలైన నాడే, ఆయనను హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా కూసోబెట్టిన్రు. 1956 అక్టోబర్ 31 దాకా ఆ కుర్చీ ఆయనదే.

రాజప్రముఖ్ అంటే ఏంది? ఇంగ్లండు రాజు ఎట్లనో గట్లనే. కిరీటం ఉంటది, మంత్రులు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టుడే పని. తోటల కూలికి పోయి మన తెలుగోళ్లు స్థిరపడ్డ మలేసియాలో ఇప్పటికీ ఈ పద్ధతే. అదీ బ్రిటీషోళ్లు ఏలిన దేశమే. తొమ్మిది సంస్థానాల పాలకులు ఐదేండ్లకోసారి తమలో ఒకర్ని రాజుగా ఎన్నుకుంటరు. సర్కారు నడిపేది మాత్రం పార్లమెంటులో బలమున్న ప్రధాని.

సంతకం పెట్టే రాజుతో నష్టమేంది అని కొందరు పెద్దమనుషులు అడుగుతరు. లెక్క చెప్పుకుందాం. నిజాంకు ఏటా 50 లక్షల రాజభరణం, దాని మీద ఆదాయపు పన్ను లేదు. 1949లో జాగీర్లు రద్దు చేసి జాగీర్దార్లకు పరిహారం కట్టిన్రు. తరతరాలుగా వాళ్ల గడీల ముందు వెట్టి చేసిన మాదిగకు, మాలకు ఏ పరిహారం రాసిన్రు? రాజభరణాలు పోవడానికి 1971లో 26వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకన్నా పెద్ద ముచ్చట ఇంకోటున్నది. సంతకం రాజుదైతే సలహా ఎవరిది? 1950 నుంచి 1952 దాకా ముఖ్యమంత్రి వెల్లోడి. ఆయన ఢిల్లీ పెట్టిన ఆఫీసరు, ఓటు అడిగినోడు కాదు. 1952 ఎన్నికల తర్వాత షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యిండు. అప్పటి నుంచే రాజప్రముఖ్ ముందు పెట్టే కాగితానికి శాసనసభలో జవాబు చెప్పేటోళ్లు వచ్చిన్రు. నిజాం కూడా మనోళ్లను మంత్రులను చేసిండు కదా అంటరు. నిజమే, 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో బి.ఎస్. వెంకటరావు ఉన్నడు. గని అది ఫర్మానాతో వచ్చిన పదవి. ఏడాది తిరగంగనే ఆ మంత్రివర్గమే లేకుండ పోయింది.

హైదరాబాద్‌లో ఇంత జరిగినా ఊర్లె మాత్రం పటేల్, పట్వారీలే రాజులు. రాజప్రముఖ్ దిగిపోయిన తర్వాత కూడా 28 ఏండ్లు, 1984 దాకా వాళ్లు దిగలే. వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు పోయిండు. ఓట్లతోనే గెలిచిండు, కాదనం. కాకపోతే ఆ ఓటు వేసినోని కింద భూమి ఎవరిదో కూడా చూడాలె.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1993లో 73వ సవరణతో జనాభా లెక్కన దళితులకు సర్పంచ్ కుర్చీలు వచ్చినయి. ఎన్నో ఊర్లల్ల ఏం జరుగుతుందో మీకు తెలువంది కాదు. ముద్ర మన సర్పంచ్ పేరు మీద, హుకుం దొర అరుగు మీదికెల్లి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలన్నది. ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లు. మెంబర్లను చేతిల పెట్టుకున్నోనికి ఇక సర్పంచ్ కుర్చీ ఎందుకు? ఖర్చు లేకుండనే సగం ఖజానా తాళం దొరికె.

నిజాం సంతకానికి వెనుక అసెంబ్లీ ఉండె. మన సర్పంచ్ సంతకానికి వెనుక ఎవరున్నరు? ఓటు లేకుండ, లెక్క చెప్పకుండ సలహా ఇచ్చేటోడు ఉన్నడు. రేపు బిల్లు తప్పయితే నోటీసు వచ్చేది మాత్రం మాదిగవాడకే.

అందుకే గ్రామసభకు వాడవాడంతా కదలాలె. తీర్మానాల పుస్తకం తెప్పించి గట్టిగ చదివించుకోవాలె. రాయని పేజీ మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు. ఏ చెక్కు ఎవరి పేరు మీద పోయిందో సభలోనే అడగాలె. సర్పంచ్‌కు చదువు రాకుంటే వాడల పది చదివిన ఆడపిల్లైనా, మగపిల్లగాడైనా పక్కన కూసోవాలె. సభకు పిలుపు రాలేదంటే ఎంపీడీవో ఆఫీసుకు పోయి కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకొని రావాలె.