జవాబు వచ్చింది, చెరువు కనబడలేదు

తెలుగు పండితుడు గణితం గురించి వ్రాయడమేమిటని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. నేను చదివినది భాషాప్రవీణ. లెక్కలతో నా స్నేహం హైస్కూలుతోనే ముగిసింది. అయినా ఈ మాట చెప్పక తప్పడం లేదు.

మా అన్నగారి మనుమరాలు ఈ ఏడు బి.ఎస్సీ. పూర్తిచేసింది. అవకలన సమీకరణాల పేపరులో నూటికి తొంభై పైచిలుకు మార్కులు. అదే పిల్లను ఎమ్మెస్సీకి దరఖాస్తు చేయమంటే, “ఇక లెక్కలు వద్దు చిన్నతాతయ్యా! అన్నీ చేశాను గానీ ఒక్కటీ తెలియలేదు” అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆమె నోటుపుస్తకం తిరగేశాను. సమీకరణం ఏ జాతిదో గుర్తించడం, ఆ జాతికి చెప్పిన ఉపాయం ప్రయోగించడం, చివర ఒక స్థిరాంకం చేర్చి క్రింద గీత గీయడం. పుటలన్నీ ఇంతే. నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గూ కలిగింది. ముప్పై ఏళ్ళు నేను చేయించిన గణవిభజన ఇదే కదా! గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, ఇది ఉత్పలమాల అని వ్రాసినవాడికి మార్కులు వేశాను. ఆ పాదంలో ఎవరు ఎవరితో ఏమంటున్నారని అడగలేదు.

నా మిత్రులొకరు విశ్రాంత గణితోపాధ్యాయులు. ఆయన ఆ పిల్లను ఒక ప్రశ్న అడిగారు. ఒక ఊరి చెరువులో చేపలు వాటంతటవే పెరుగుతున్నాయి. ఆ చెరువు పోషించగలిగినవి 10,000. చేపలు కొద్దిగా ఉన్నప్పుడు ఏడాదికి నూటికి నలభై చొప్పున పెరుగుతాయి. సంఖ్య హెచ్చేకొద్దీ ఆ రేటు సమానంగా తగ్గుతూ 10,000 దగ్గర సున్న అవుతుంది. ఏటా 900 పడితే చెరువు ఏమవుతుంది? 1,100 పడితే?

సమీకరణం క్షణంలో వ్రాసింది. సాధన కూడా చేసింది: మొదటిదానికి పాక్షిక భిన్నాలు, రెండవదానికి టాన్ ఇన్వర్స్. రెండు పుటలు నిండాయి. “ఇంతకీ చెరువు ఏమవుతుందమ్మా?” అంటే మౌనం.

ఆయన ఒక్క బొమ్మ గీశారు. చేపల సంఖ్య అడ్డంగా, ఏటి పెరుగుదల నిలువుగా. బోర్లించిన చేటలా ఒక వక్రరేఖ. దాని శిఖరం 5,000 చేపల దగ్గర, అక్కడ పెరుగుదల 1,000. పట్టుబడి 900 అయితే ఆ ఎత్తున గీసిన గీత వక్రాన్ని రెండుచోట్ల ఖండిస్తుంది. నిండుచెరువు తగ్గుతూ వచ్చి దాదాపు 6,600 దగ్గర కుదుటపడుతుంది. 1,100 గీత శిఖరానికి పైనుండి పోతుంది, ఎక్కడా తాకదు. ఇక నిలకడ అన్నది లేదు. ఎంత నిండుచెరువైనా ఖాళీ కావలసినదే. సుమారు 40 ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళ లెక్కకు మాత్రం ఆమె సాధనే అక్కరకు వచ్చింది. పాక్షిక భిన్నాలు పోయి టాన్ ఇన్వర్స్ ఎందుకు వచ్చిందో మూడేళ్ళలో ఆమెను ఎవరూ అడగలేదు. చెరువు ప్రాణం పోయినది సరిగ్గా అక్కడే.

ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. అనేక సమీకరణాలకు సూత్రరూపంలో సాధన దొరకదు గనుక సాధనరేఖల ఆకృతిని చదవాలన్న మార్గాన్ని ఆన్రీ పాయింకరే 1881 నుండే వేశాడు. ఇటువంటి చిన్న సమీకరణాలను విద్యార్థులకు తొలిదశలోనే పరిచయం చేయాలని రాబర్ట్ మే 1976లో నేచర్ పత్రికలో కోరాడు. మన పిల్లల నోటుపుస్తకాలకు ఆ కబురు ఎప్పుడు చేరుతుందో!

కంఠస్థాన్ని నిందించేవాణ్ణి కాను. పండితుడికి అది తగదు. ఉపాయాలు నేర్పవలసినదే. కానీ ముందు చెరువు చూపండి, తరువాత గాలం ఇవ్వండి. ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న, “సాధించవద్దు, ఏమవుతుందో చెప్పండి” అని ఉండనివ్వండి. అటువంటి జవాబు దిద్దడం కష్టమంటారు. నిజమే, ఉద్యోగకాలమంతా నేనూ ఆ సాకే చెప్పాను.

దరఖాస్తు గడువు ఈ నెలాఖరు. ఆ పిల్ల ఇంకా పూరించలేదు. నిన్న ఫోను చేసి, సరిగ్గా 1,000 పడితే ఏమవుతుంది చిన్నతాతయ్యా అని అడిగింది. మిత్రుణ్ణి కనుక్కొని చెప్పాలి.