మేతకొట్టులో సలహా

తెలుగున ‘ఎర’ యను మాటకు రెండర్థములు కలవు. తల్లిపక్షి గూటిలోని పిల్లలకు నోటికందించునదియు ఎరయే, జాలరి గాలమునకు గ్రుచ్చునదియు ఎరయే. మొదటిది ప్రాణము నిలుపును, రెండవది తీయును. మాట యొక్కటియే యగుటచేత, ఎదుట పెట్టిన ముద్ద ఏ జాతికి చెందినదో తెలిసికొను భారము నోరు తెరచినవానిమీదనే పడినది. విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, రుచిగల తిండి కప్పిన ఇనుపగాలమును ఆశచే మ్రింగిన చేపను పోలికగా తెచ్చెను. ఆ చేపకు తిండి కనబడినది గాని గాలము కనబడలేదు.

ఈ మాట లిప్పుడు తలచుటకు కారణము మా డెల్టాలో వెలసిన మేతకొట్లు. భీమవరము, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో రోడ్డువెంట పోవువారికి ఇవి కనబడకుండుట అసాధ్యము. వాకిట రొయ్యమేత బస్తాలు నిట్టనిలువున పేర్చి యుండును. లోపల అరలనిండ పొట్లములు, డబ్బాలు, సీసాలు. ఒక మూల బల్లమీద నీటిని పరీక్షించు సామగ్రి. ఇంకొక ప్రక్క నాలుగు కుర్చీలు, ఒక బెంచీ. తెల్లవారు నయిదు గంటలకే అక్కడ రైతులు చేరుదురు. వారు మేతకొరకే వత్తురనుకొనుట పొరపాటు. వారు ముఖ్యముగా మాటకొరకు వత్తురు. ఆ మాటకు వెల లేదు, అందరికిని ఉచితము. దాని విలువ యెంతయో విచారింపవలెనని నా తలంపు.

వెనుకటి కొట్టు వేరు. కొల్లేటి పరిసరములలో కట్ల, రోహు చేపలు పెంచువారికి మేతయనగా తవుడు, వేరుసెనగచెక్క, ప్రత్తిచెక్క. వాటిని చిల్లులు పొడిచిన సంచులలో నింపి చెరువులో వ్రేలాడగట్టుట ఈ ప్రాంతపు పద్ధతి. చేప వచ్చి చిల్లువద్ద మూతిపెట్టి తినిపోవును. సంచిలో మిగిలినది చూచి రైతు మరునాటి మేత నిర్ణయించుకొనును. ఇందులో కొట్టువాడు చెప్పవలసినదేమియు లేదు. తవుడు మంచిదో ముక్కినదో రైతు గుప్పెడు తీసి వాసన చూచి తానే చెప్పగలడు.

రొయ్య వచ్చి ఈ లెక్క మార్చెను. 1990 తరువాత టైగర్ రొయ్య తీరమంతట వ్యాపించినది. 1994 మొదలు తెల్లమచ్చ తెగులు దానిని ఊడ్చిపెట్టినది. 2009లో ప్రభుత్వానుమతితో అమెరికా ఖండముల పడమటి తీరమునకు చెందిన వన్నామై రొయ్య మన చెరువులలో దిగెను. నేడు దేశమున పెంచు రొయ్యలలో సగమునకు మించిన భాగము ఆంధ్రప్రదేశముదే. ఈ జీవికి వేయు మేత కర్మాగారమునుండి గుళికల రూపమున వచ్చును. అందలి మాంసకృత్తులు ముప్పదియైదు పాళ్లో ముప్పది పాళ్లో గుప్పెడు తీసి చెప్పగలవాడు లేడు. పంట ఖర్చులో సగము, ఒక్కొక్కచో అంతకు మించి, ఈ మేతకే పోవును. చక్కగా సాగిన చెరువులో కిలో రొయ్యకు కిలోపావు నుండి కిలోన్నర వరకు మేత పట్టును. అంతకు మించి వేసినది రొయ్య కడుపున పడదు. అది అడుగున చేరి క్రుళ్లును, అమ్మోనియా పుట్టును, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు గట్టుకు చేరి తల లెత్తును. అనగా ఎక్కువ మేత అమ్మిన దుకాణదారునకు లాభము వచ్చిన వారమే రైతునకు నష్టము రావచ్చును. అమ్మువాని మేలును కొనువాని మేలును ఇంత సూటిగా విడిపోవు వ్యాపారములు తక్కువ.

ఇంతమాత్రమున ఆ కొట్టువాడు మోసగాడని తీర్పు చెప్పుటకు నేను సిద్ధముగా లేను. ఒక ఉదయమున అట్టి కొట్టులో కూర్చుండి విన్న సంభాషణ చెప్పెదను. ఒక రైతు వచ్చి, “ఏమండీ, నిన్నటినుంచి రొయ్య మేత సరిగా తినటం లేదండి. చెక్ట్రేలో సగం అలాగే మిగిలిపోతోంది” అన్నాడు. గల్లాపెట్టె దగ్గరి యువకుడు వెంటనే అరవైపు చేయి చాచి, “ఈ పౌడరు రెండు ప్యాకెట్లు పట్టుకెళ్లి మేతలో కలిపెయ్యండి, రేపటికల్లా లాగించేస్తాయి” అన్నాడు. అంతలో లోపలనుండి అతని తండ్రి వచ్చి, “ఆగరా. ఎల్లుండి అమావాస్య కదండీ, గుల్ల విడుస్తుంటాయి. రెండు రోజులు మేత తగ్గించి చూడండి బావగారూ, అప్పటికీ తినకపోతే రండి” అన్నాడు. రైతు ఏమియు కొనకుండ వెళ్లినాడు.

కొట్టు ఒకటే, వస్తువు లవియే, తండ్రీకొడుకులు. ఒకని సలహా అరలోనుండి వచ్చినది, రెండవవానిది చెరువులోనుండి వచ్చినది. అమావాస్య పౌర్ణములకు రొయ్య గుల్ల విడుచునపుడు మేత ముట్టదని ఆ పెద్దమనిషి ఏ కంపెనీవలనను నేర్వలేదు. ఇరువది యేండ్లుగా పది యూళ్ల రైతులు తన బెంచీమీద కూర్చుండి చెప్పినది విని నేర్చెను. ఇదియే కొట్టునందలి నిజమైన సంపద. ఏ కాలువకు ఏ తెగులు దిగినది, ఏ హేచరీ పిల్ల బలహీనముగా నున్నది, ఏ ఊరివారు తొందరపడి పట్టుబడి చేయుచున్నారు అను వార్తలు ముందుగా చేరునది అక్కడికే. ప్రభుత్వపు కాగితమునకు ఆ వేగము లేదు. 1987లో స్థాపితమైన చెన్నపట్టణపు ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చెప్పునది నమ్మదగినదే. కాని రాత్రి రెండు గంటలకు ఏరియేటర్ ఆగిన చెరువుగట్టుమీద వారుండరు. కొట్టువాని ఫోను అప్పుడును మ్రోగును, అతడు ఎత్తును.

కాబట్టి కొట్టువాడు చూచి చెప్పినదానిని నమ్మవచ్చును. అమ్మి చెప్పినదానిని నిదానింపవలెను. ఈ రెంటి నడుమ మూడవ దొకటి కలదు. అదియే మిక్కిలి ప్రమాదకరమని నా అభిప్రాయము. కంపెనీ ప్రతినిధి వచ్చి చెప్పిపోయిన పాఠమును కొట్టువాడు తన అనుభవమువలె తిరిగి చెప్పుట యది. అతడు అబద్ధమాడుట లేదు. తాను నమ్మినదే చెప్పుచున్నాడు. లక్ష్యమునకు మించి అమ్మినవారికి బహుమతులును విహారయాత్రలును ఏర్పాటు చేయు పద్ధతి వ్యాపారమున క్రొత్త కాదు. బహుమతి పొందినవానికి నమ్మకము కూడ సులభముగా కలుగును. ఇది మేతకొట్లకు మాత్రమే పట్టిన జాడ్యము కాదు. సాయంకాలము ట్యూషను చెప్పు ఉపాధ్యాయుడు ఉదయము తరగతిలో “ఈ అధ్యాయము కష్టము సుమా” అని హెచ్చరించినపుడు ఆ హెచ్చరికలో పాఠ మెంత, పిలుపెంత? మన వృత్తివారము ఈ ప్రశ్నకు నవ్వుకొని ఊరకుందుము.

ఇక అరువు సంగతి. అధిక సంఖ్యాకులు మేత అరువుకే తెత్తురు, పట్టుబడినాడు చెల్లింతురు. నగదు ధర వేరు, అరువు ధర వేరు. పైచూపునకు అప్పుపడినవానికి వచ్చు సలహాయే అధమమని తోచును. కాని లోతుగా చూచిన వింత గోచరించును. పంట పోయినచో కొట్టువాని బాకీ కూడ పోవును. కనుక బాకీదారుని చెరువు బ్రదుకవలెనని అతడు నిజముగానే కోరుకొనును. నగదిచ్చి పోయినవాని చెరువు ఏమైనను అతనికి నష్టము లేదు. అయినను నేను అప్పును మెచ్చలేను. ఏలననగా బాకీదారునకు వచ్చు సలహా మంచిదే కావచ్చును గాని, దానిని కాదను స్వేచ్ఛ అతనికి లేదు. “ఇది వద్దండి” యన్నచో మరునాడు బస్తా రాదు. కాదనలేని సలహా సలహా యనిపించుకొనదు. దానికి ఆజ్ఞ యని పేరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుమీది సుంకమును 50 శాతమునకు పెంచినపుడు, ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ యని పెద్దలన్నది మా రైతులకు మరల అర్థమైనది. అట్టి కాలమున మేత తగ్గింపుమను మాటకు ఎంత విలువయో చెప్పనక్కరలేదు. ఆ మాట మేత అమ్మువాని నోటనే రావలెను.

మందుల సంగతి మరింత స్పష్టము. తెల్లమచ్చ తెగులు వైరస్ వలన వచ్చునది. దానికి ఇంతవరకు మందు లేదు. రొయ్యను ఎదుగనీయక గిడసబారజేయు ఈ.హెచ్.పి. అను సూక్ష్మజీవికిని నమ్మదగిన చికిత్స లేదు. మంచి పిల్లను పరీక్షించి తెచ్చుట, చెరువును ఎండగట్టుట, సున్నము చల్లుట, పక్కచెరువు నీరు రానీయకుండుట, ఇవి ముందుజాగ్రత్తలు మాత్రమే. తెగులు వచ్చినపిదప “దీనికి మందు లేదు, పట్టివేయండి” అను మాటలో కొట్టునకు పైసా రాదు. ఆ మాట చెప్పగలిగినవానిని నేను నమ్ముదును. చెప్పలేనివాడు ఏదో యొక సీసా చేతికిచ్చును. రైతు దాని వెలతోపాటు నాలుగు దినములు గూడ పోగొట్టుకొనును. ఆ నాలుగు దినములే పంట. ఇంతకన్న హీనులు కొందరు నిషిద్ధమైన యాంటీబయాటిక్ మందులను మారుపేరున అంటగట్టుదురు. వాటి జాడ కనిపెట్టి ఐరోపా దేశములు సరుకు త్రిప్పిపంపిన సందర్భములు కలవు. ఒకని చెరువులో కలిసిన పొడికి తీరమందలి రైతులందరు మాట పడవలసి వచ్చును.

ప్రభుత్వము చూచుచు ఊరకున్నదనరాదు. 2005లో కేంద్రము తీరప్రాంత జలజీవుల పెంపకమునకు చట్టము చేసినది. 2020లో మన రాష్ట్రము ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థకు ఒక చట్టమును, మేత నాణ్యతకు మరియొక చట్టమును తెచ్చినది. 2019లో గ్రామ సచివాలయములలో మత్స్య సహాయకులను నియమించిరి. మంచిదే. బస్తామీద ముద్రించినదానిని చట్టము పరీక్షింపగలదు. బల్లప్రక్కన చెప్పిన మాటను అది ఎట్లు పరీక్షించును? ఆ పని వినువాడే చేసికొనవలెను.

అందుకు అతనికి తోడు కావలసినవారు ఈ పత్రిక చదువు ఉపాధ్యాయులు, విద్యార్థులు. మా కళాశాలలో ప్రతి తరగతిలోను చెరువు గట్టువారి బిడ్డలున్నారు. వారి ఫీజు పంటమీద నున్నది. అట్టి విద్యార్థులతో నేను తెలుగు పాఠము మధ్య అప్పుడప్పుడనుచుందును: “మీ నాన్నగారిని ఒక్క ప్రశ్న అడుగుడు. ఈ సంవత్సరమున కొట్టువారు ఏ వస్తువు కొనవద్దని చెప్పిరి?” కొందరు మరునాడు జవాబు తెత్తురు. కొందరు తేరు, అదియు జవాబే.

కొట్టులో నీటిపరీక్ష ఉచితముగా చేయుదురు. పరీక్ష చేసినవాడే మందు అమ్మినపుడు ఫలిత మెటు మొగ్గునో ఊహింపవచ్చును. కాని ఆ పరీక్షలో బ్రహ్మవిద్య యేమియు లేదు. నీటి క్షారత కనుగొనుటకు కావలసినవి బ్యూరెట్టు, పిపెట్టు, బలము తెలిసిన ఆమ్లము, రెండు చుక్కల మిథైల్ ఆరెంజి. ఇంటర్మీడియెట్ విద్యార్థి ప్రయోగశాలలో చేయు ఆమ్ల క్షార అంశమాపన మిదియే. అక్కడ గాజుపాత్రలో కట్టిన ద్రావణమునకు బదులు ఇక్కడ తండ్రి చెరువునీరు. ప్రాణవాయువు కొలుచుటకు థయోసల్ఫేటు, గంజి మొదలగునవి కావలెను. రసాయనశాస్త్రపు ఉపాధ్యాయుడు వారమున కొక ఉదయము ప్రయోగశాల తలుపు తీసి, ఫలితమును ఒక చీటీమీద వ్రాసి యిచ్చినచో, రైతు ఆ చీటీతో కొట్టునకు పోవును. అప్పుడు బల్ల కీవలివైపున గూడ ఒక అంకె యుండును. మందు అమ్మనివాడు వ్రాసిన అంకె యది. మంచి కొట్టువాడు దానికి సంతోషించును. ఆ తండ్రివంటివా రెందరో యున్నారు. కొడుకులకు వారి మాట సాగుట లేదు.

నీరు తెచ్చు విద్యార్థులకు ఒక్క జాగ్రత్త చెప్పవలెను. ప్రాణవాయువు పరీక్షకు నీటిని తెల్లవారకముందే, చెరువు అడుగుభాగమునుండి పట్టవలెను. సీసా నిండిన తరువాత మూతక్రింద గాలిబుడగ మిగులరాదు.