బొగ్గు చవక, కూలి ప్రియం

1712లో ఇంగ్లండ్‌లోని డడ్లీ దగ్గర ఒక బొగ్గు గనిలో థామస్ న్యూకమెన్ ఆవిరి యంత్రం నీళ్లు తోడడం మొదలుపెట్టింది. సిలిండర్‌లోకి ఆవిరి ఎక్కించి, చన్నీళ్లు చిమ్మి చల్లారిస్తే లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. ప్రతిసారీ సిలిండర్‌ను మళ్లీ వేడెక్కించాలి కనుక అది బొగ్గును బకాసురుడిలా మింగేది. అమ్ముడుపోని బొగ్గు పొడి గని ఒడ్డునే గుట్టలుగా పడి ఉండబట్టి అక్కడ గిట్టుబాటైంది. ఇంకోచోటైతే ఆ యంత్రాన్ని కొనేవాళ్లు అరుదు.

పారిశ్రామిక విప్లవం ముందు బ్రిటన్‌లోనే ఎందుకు వేళ్లూనింది? కూలి ప్రియం, బొగ్గు చవక, అందుకే మనిషి బదులు యంత్రం పెట్టడం లాభమైందంటాడు ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్. బలమైన వాదనే. కానీ నూలు మిల్లుల సంగతికి వచ్చేసరికి అదొక్కటే చాలదు.

మచిలీపట్నం అద్దకం బట్టల మీద ఇంగ్లండ్ జనం మోజు పడ్డారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన మరో చట్టం వచ్చి వాటి వాడకాన్ని నిషేధించాయి. గిరాకీ పోలేదు, సరుకు ఆగింది. ఆ ఖాళీలోనే లాంకషైర్ నూలు పరిశ్రమ ఎదిగింది. 1771లో ఆర్క్‌రైట్ క్రోమ్‌ఫర్డ్‌లో నీటి చక్రంతో నడిచే మిల్లు కట్టాడు. ఆ మిల్లులో పిల్లలు పనిచేశారు. తర్వాతి దశాబ్దాల్లో పత్తిలో చాలా భాగం అట్లాంటిక్ అవతల బానిసలు పండించిందే.

ఈ చరిత్రలో మన అద్దకం పనివాళ్లకు దక్కాల్సిన చోటు దక్కలేదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ సంచికలో సగం పేజీలు మచిలీపట్నానికి కేటాయించాం.